కావలివాని గుడిసెకు కావలి ఎవరు?

గేరి చరిత్ర – 11వ భాగం

పోయిన భాగంలో బావుల గురించి రాసినప్పుడు ఒక తమ్ముడు అడిగినాడు: "అన్నా, పాతకాలంలో మన ఊళ్లల్లో దొంగతనాలే లేవంట, తలుపులకు తాళాలే వేసేవాళ్లు కాదంట, నిజమేనా?" ఈ మాట నేను కూడా చిన్నప్పటి నుంచి వింటున్నా. రచ్చబండ మీద కూర్చున్న పెద్దలు చెప్తారు, పాఠాల్లో చెప్తారు, ఊరి మీద కన్నీళ్లు పెట్టుకునే కవులు మరీ ఎక్కువగా చెప్తారు. తాళం వేయని తలుపు ఎవరిది, ఆ తలుపు బయట రాత్రంతా మేలుకున్నది ఎవరు అని మాత్రం చెప్పరు. దానికి జవాబు మా ఇంట్లోనే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మా అబ్బ ఊరి వెట్టి. (మా వైపు నాయనకు నాయనను అబ్బ అంటాం, నాయనమ్మను జేజి అంటాం. కోస్తా తమ్ముళ్లు తికమక పడొద్దు.) కుందూకు అవతల, నల్లరేగడి చేన్ల మధ్యన మా ఊరు. తలారి పని బోయలది, వెట్టి పని మా మాలగేరిది. దండోరా వేయడం, కరణం ఇచ్చిన కాగితాలు తాలూకా కచేరీకి నడిచి మోసుకుపోవడం, శిస్తు కాలంలో రైతులను పిల్చుకొని రావడం, కళ్లాల దగ్గర పండుకోవడం, రాత్రిపూట తలారితో కలిసి ఊరు తిరగడం అబ్బ పనులు. వీటన్నిటికంటే కష్టమైనది ఇంకొకటి ఉండింది. చేన్లో శవం పడితే, పోలీసులు వచ్చి పంచనామా రాసేదాకా దాని పక్కన కూర్చోవాల. మాది ఫ్యాక్షన్ సీమ, శవాలకు కొదవ లేదు. ఎండాకాలంలో ఒకసారి రెండు రాత్రులు, ఒక పగలు కూర్చున్నాడంట. కుక్కలను తోలుతా, ఈగలను తోలుతా. అన్నం మా జేజి తీసకపోయి దూరంగా పెట్టి వచ్చేది.

అరవైల మొదట్లో, అమావాస్య నాటి రాత్రి, అబ్బ ఊరు తిరగనీకి పోయినప్పుడు మా గుడిసె ముందర కట్టేసిన రెండు మేకలు పోయినాయి. జేజి వాటిని అమ్మి మా అత్త పెండ్లికి చీర కొనాలనుకుంది. తెల్లారి అబ్బ మునసబు దగ్గరికి పోయి అరుగు కింద నిలబడి, "సామీ, నా మేకలు పోయినాయి, జాడ పట్టనీకి తలారిని పంపండి" అని అడిగినాడు. మునసబు నవ్వినాడంట. "దొంగలు పడల్లంటే ముందు ఇల్లుండల్ల గదరా. నీ గుడిసెలో ఏముందిరా పోనీకి?" అక్కడున్నోళ్లందరూ నవ్వినారు. అబ్బ కూడా నవ్వినాడంట. మా నాయన అప్పుడు ఎనిమిదేండ్లోడు, అబ్బ పక్కనే ఉన్నాడు. మేకలు పోయినందుకు కాదు, అబ్బ నవ్వినందుకు నాకు ఏడుపొచ్చింది అంటాడు నాయన ఇప్పటికీ.

ఆ నవ్వు వెనక ఉన్న చరిత్ర ఎంత పొడుగో చూద్దాం.

ఊరి కావలి అనేది దానధర్మం కాదు, లెక్క ఉన్న వ్యవస్థ. ఆయగాళ్లు అనే మాట మీరు విని ఉంటారు. రెడ్డి, కరణం, తలారి, వెట్టి, నీరుకట్టు, కమ్మరి, వడ్ల, కుమ్మరి, చాకలి, మంగలి, ఇట్లా ఊరికి పని చేసేవాళ్లకు కళ్లం దగ్గర పంటలో మేర కొలిచేవాళ్లు, కొందరికి శిస్తు లేకనో తక్కువ శిస్తుకో ఇనాం భూమి ఇచ్చేవాళ్లు. ఈస్టిండియా కంపెనీ వ్యవహారాల మీద 1812లో బ్రిటిష్ పార్లమెంటుకు ఇచ్చిన అయిదో నివేదికలో ఈ పనివాళ్ల పట్టిక ఉంది. తలారి నేరాల సమాచారం పట్టాల, ఊరి నుంచి ఊరికి పోయే బాటసారులకు తోడు పోవాల. వెట్టి, అంటే వాళ్లు తోటి అని రాసినవాడు, పంటకు కాపలా ఉండాల, కొలతలో సాయం చేయాల. పొలిమేర తెలిసినవాడు పొలిమేర గురించి సాక్ష్యం చెప్పాల. ఊరి ప్రాణం, ఊరి ఆస్తి, ఊరి హద్దు, మూడూ ఊరి అంచుల్లో బతికే మనుషుల చేతుల్లో పెట్టినారు.

జాడ పట్టడం ఒక విద్య. దొంగ పోయిన దారిని అడుగుల గుర్తులతో వెతుక్కుంటా తలారి పోవాల. జాడ తన ఊరి పొలిమేర దాటి పక్క ఊళ్లోకి పోయిందని చూపిస్తే బాధ్యత ఆ ఊరి కావలివానిది. చూపించలేకపోతే పోయిన సొమ్ము కావలివాడే కట్టుకోవాల. దీన్ని చదివి మురిసిపోయిన దొరలు చాలామంది ఉన్నారు. పోలీసు జీతం లేకుండా, జైలు ఖర్చు లేకుండా ఊరు తనను తాను కాపాడుకుంటోంది అని. నాకు మాత్రం దీంట్లో ఒకటే కనిపిస్తుంది. రెడ్డి ఇంట్లో బంగారం పోతే కట్టాల్సినవాడు, ఆ బంగారాన్ని జన్మలో తాకనివాడు. మరి కావలివాని ఇంట్లో పోతే ఎవరు కట్టాల? ఆ ప్రశ్న ఆ పట్టికలో లేదు.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. ఇండోనేషియా జావా పల్లెల్లో రాత్రి కాపలాను 'రోండా' అంటారు. ఇంటికొక మగమనిషి వంతుల వారీగా వస్తాడు. చిన్న కాపలా గుడిసె ఉంటుంది, దాంట్లో తొలిచిన కొయ్య మొద్దు వేలాడుతుంటుంది, దొంగో నిప్పో కనిపిస్తే దాన్ని వాయిస్తారు. అక్కడా పెత్తందారులు ఉన్నారు, అక్కడి పల్లె స్వర్గమేం కాదు. కానీ కాపలా కాయడం వంతు అయినప్పుడు, కాచేవాని ఇల్లు కూడా కాపలాలోకి వస్తుంది. అదే పని కులం అయినప్పుడు రాదు. తేడా అక్కడుంది.

ఇప్పుడు మన సీమకు వద్దాం. 1800 అక్టోబరులో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి రాసిచ్చినాడు. అందుకే మనకు దత్తమండలం అనే పేరు. (కర్నూలు నవాబు సంస్థానం మాత్రం 1839 దాకా విడిగా ఉండింది.) మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. అప్పటికి ఇక్కడ 80 మంది పాలెగాళ్లు, వాళ్ల కింద దాదాపు 30,000 మంది ఆయుధాలు పట్టిన బంట్లు. పాలెగాడు కూడా కావలి పేరు మీదే ఊళ్ల దగ్గర డబ్బు గుంజేవాడు. కట్టకపోతే కాపాడేవాడే దోచుకునేవాడు. మన్రో 1807లో పోయేలోపల ఆ పాలెగాళ్లను అణచినాడు, పొలాలు కొలిపించినాడు, రైతువారీ పద్ధతి నిలబెట్టినాడు. తర్వాత మద్రాసు గవర్నరై, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చచ్చిపోయినాడు. సీమలో ఆయన్ను మండవ ఋషి అన్నారు, పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించి మాట్లాడినాడని కథ కూడా ఉంది.

మన్రో చెడ్డవాడని నేను అనడం లేదు. పాలెగాని దోపిడీ ఆగడం చిన్న విషయం కాదు, దాని లాభం గేరికి కూడా కొంత అందింది. అయితే ఆ ఋషి ఇచ్చిన వరం ఇంకొకటి ఉంది. దాన్ని ఎవరూ పిల్లలకు పేరుగా పెట్టుకోలేదు.

1814లో మన్రో జ్యుడీషియల్ కమిషన్ అధ్యక్షునిగా మద్రాసుకు తిరిగి వచ్చినాడు. ఆ కమిషన్ పని నుంచి పుట్టినవే 1816 నాటి రెగ్యులేషన్లు. నాలుగో రెగ్యులేషన్ ఊరి పెద్దను గ్రామ మునసబు చేసి 10 రూపాయల దాకా దావాలు తీర్చే అధికారం ఇచ్చింది. పదకొండో రెగ్యులేషన్ అదే ఊరి పెద్దకు పోలీసు అధికారం ఇచ్చింది. తిట్లు, చిన్న కొట్లాటలు లాంటి వాటికి నేరస్తుణ్ణి ఊరి చావడిలో 12 గంటలకు మించకుండా ఉంచొచ్చు. అదే నేరస్తుడు కింది కులాలవాడై, అంత అవమానకరమైన శిక్ష వేసినా తప్పులేదనుకునే మనిషైతే, 6 గంటల దాకా బొండలో వేయొచ్చు.

విద్యార్థులు ఈ వాక్యం దగ్గర ఆగండి. బొండకొయ్య అంటే కాళ్లు ఇరికించే బెజ్జాలున్న పెద్ద దుంగ, చావడి ముందర అందరూ చూసేచోట ఉంటుంది. ఒకే తిట్టు. రైతు తిడితే చావడి లోపల నీడలో కూర్చుంటాడు. మాల తిడితే ఎండలో బొండలో ఉంటాడు. ఇది మనుస్మృతి కాదు. కంపెనీ సర్కారు అచ్చు వేసి కలెక్టర్లకు పంచిన చట్టం. దశాబ్దాల పాటు అమల్లో ఉండింది. తెల్లోడు వచ్చి కులం చూడని చట్టం తెచ్చినాడు అని మనలో కూడా కొందరు గబుక్కున అంటుంటారు. కొన్ని చోట్ల నిజమే. ఈ చోట కాదు. ఎవరి ఒంటికి గౌరవం ఉంది, ఎవరి ఒంటికి లేదు అనే నిర్ణయాన్ని ఈ చట్టం ఊరి రెడ్డి చేతికి ఇచ్చింది. మా అబ్బ మేకల మీద నవ్విన మునసబు ఆ చట్టానికి వారసుడు. అప్పటికి బొండ పోయింది, అరుగు ఉండింది.

పాలెగాళ్లు పోయినాక వాళ్ల బంట్లలో కొందరిని కట్టుబడి పేరుతో ఊరి కాపలాకు ఉంచినారు, ఇనాం భూములు ఇచ్చినారు. తర్వాత కట్టుబడివాడు చచ్చిపోతే కొడుక్కి ఇవ్వకుండా ఆ భూమిని సర్కారు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడినప్పుడు ఆయన వెనక జనం ఊరికే రాలేదు. ఆయనకు పింఛను కోపం ఉండింది, నెలకు 11 రూపాయల చిల్లర పింఛను, నొస్సం వాళ్ల వాటా తనకు రాకపోవడం. వెనక నడిచిన కట్టుబడులకు భూమి కోపం ఉండింది. కోయిలకుంట్ల ఖజానా మీద పడినారు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను ఉరి తీసినారు, తలను కోట బురుజుకు ఏండ్ల తరబడి వేలాడగట్టినారు. 2019లో సినిమా వచ్చింది, అందరూ చూసినారు. ఈమధ్య వడ్డె ఓబన్న పేరు కూడా పలుకుతున్నారు, మంచిదే. కాపలాకిచ్చిన చెక్కలు పోయిన మామూలు బంట్ల పేర్లు ఏ తెర మీదా పడలేదు. 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం వచ్చింది, జీతం పోలీసు వచ్చినాడు. కాపలా ఇనాంలు చాలావరకు లెక్క తేల్చి తీసేసినారు. తలారి, వెట్టి మాత్రం ఊళ్లల్లో అట్లాగే మిగిలినారు, వాళ్లు చవక కదా.

1876–78 కరువు, మన పెద్దోళ్లు చెప్పే ధాత కరువు, దీనికి అసలు పరీక్ష. 1871, 1881 జనాభా లెక్కల మధ్యన కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయినారు. సీమలో జొన్నలు, కొర్రలు భూమిలో తవ్విన పాతరల్లో దాచేవాళ్లు. కరువు వస్తే పాతర మీద కావలి పెరుగుతుంది. కాచేది ఎవరు? తలారి, వెట్టి. లోపల జొన్నలు, పైన ఆకలితో కూర్చున్న మనిషి, వెనక గేరిలో పిల్లలు. కరువు పనుల్లో సర్ రిచర్డ్ టెంపుల్ కూలి తగ్గించి రోజుకు ఒక పౌను ధాన్యం, కాస్త చిల్లర చాలన్నాడు. ఆ కరువు నాటి గేరి మనిషి రాసిన కాగితం మనకు దొరకదు, రాయనీకి రాలేదు కాబట్టి. ముత్యాలపాడు, నంద్యాల, జమ్మలమడుగు మిషన్ల వైపు మన మాల మాదిగలు గుంపులుగా పోయింది ఆ కాలంలోనే. గంజి కోసం మతం మారినారని ఎగతాళి చేసేవాళ్లకు ఒక మాట: గంజి కోసం పోయినా తప్పేం లేదు. గంజితో పాటు అక్కడ ఇంకొకటి దొరికింది. మన తరఫున అర్జీ రాసేవాడు, మన పిల్లోనికి అర్జీ రాయడం నేర్పేవాడు. భద్రత అంటే మొదట అదే.

మా ఇంటి కాగితానికి వస్తా. నాలుగేండ్ల కింద ఒక రికార్డు రూములో ఇనాం ఫెయిర్ రిజిస్టరు నకలు సంపాదించినాను. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసి, ఊరూరి ఇనాంలు విచారించి తయారు చేయించిన రిజిస్టరు అది. ఎన్ని సార్లు తిరిగినానో, ఎంతమంది రేపు రమ్మన్నారో రాయను, మీకందరికీ తెలిసిందే. మా ఊరి పేజీలో ఊడిగం ఇనాం, వెట్టి అని ఉంది. మా అబ్బకు తాత అయినాయన పేరు ఉంది, ఇంటిపేరు లేదు. 3 ఎకరాల 12 సెంట్లు. ఆ గడి మీద వేలు పెట్టుకొని ఎంతసేపు నిలబడినానో నాకే తెలీదు. మా వంశంలో కాగితం మీద దొరికిన మొదటి పేరు అది. నేను పుట్టేనాటికి మాకు సెంటు భూమి లేదు.

ఎట్లా పోయింది? 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం ప్రకారం ఊడిగం ఇనాంను అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. మా భూమి కూడా అమ్మలేదు, తాకట్టు కాగితం లేదు. ఒక కరువు ఏడు అబ్బ నాయన రెండు మూటల కొర్రలు తెచ్చుకున్నాడు, అంతే. మరుసటేడు ఆ చేన్లో ఇచ్చినాయన మడక దున్నింది. అమ్మకూడదనే చట్టం మా చేతులు కట్టేసింది కానీ, దున్నుకున్నవాని మడకను ఆపలేదు. మొన్న మొన్నటి డి.కె.టి. పట్టాల కథ కూడా ఇదే. 1977 చట్టం అసైన్డ్ భూమిని ఎవరూ కొనకూడదంది, కొన్నా చెల్లదంది, తిరిగి ఇప్పించాలంది. మీ మీ ఊళ్లల్లో పట్టా ఎవరి పేరున ఉంది, చేను ఎవరి కింద ఉంది, పోయి చూడండి. ఇప్పుడు 2023 సవరణతో 20 ఏండ్లు దాటిన అసైన్డ్ భూమిని అమ్ముకోవచ్చన్నారు. అమ్ముకునే హక్కు కూడా హక్కే, కాదనను. కానీ ఎప్పుడో నోటి మాట మీద పోయిన చేను, ఇప్పుడు సంతకంతో పోతుంది. ఆ సంతకం పెట్టేముందు మన గేరివాళ్లకు ఎవరైనా చదివి వినిపించాల. ఆ పని మీది.

ఇక్కడ బాబాసాహెబ్ మాట తలుచుకోవాల. మహారాష్ట్రలో మన వెట్టి లాంటిదే మహర్ వతన్. 1928 మార్చిలో ఆయన బొంబాయి శాసనమండలిలో ఆ వ్యవస్థను మార్చనీకి బిల్లు పెట్టినాడు. ఆ కాస్త భూమి, ఆ కాస్త గింజల ఆశతో మహర్లు ఇరవై నాలుగు గంటలూ సర్కారుకూ ఊరికీ బానిసలై ఉన్నారని ఆయన వాదన. బిల్లు గట్టెక్కలేదు, వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. వతన్ల రద్దు చట్టం వచ్చింది 1958లో, ఆయన పోయిన తర్వాత. మహర్లలో కూడా అప్పుడు కొందరు భయపడినారు, ఉన్న ముక్క పోతుందని. నాకు ఆ భయం అర్థమవుతుంది. 3 ఎకరాల 12 సెంట్లు చూసినప్పుడు నా గుండె కూడా కొట్టుకుంది. అది ఆస్తినా, మా అబ్బ మెడకు కట్టిన తాడా? రెండూ అనుకుంటాను. తాడు ఉంచి ఆస్తి గుంజుకున్నారు, అదే మా లెక్క. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ఆయన ఊరిని మురికిగుంట అన్నప్పుడు చాలామందికి కోపం వచ్చింది. ఆ కోపం వచ్చినవాళ్లలో శవం పక్కన రాత్రి కూర్చున్నవాడు ఒక్కడు కూడా ఉండి ఉండడు.

1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలు రద్దు చేసింది. మా గేరిలో ఆ రోజు పలక కొట్టినారని నాయన చెప్తాడు. పెద్ద మార్పే అది, తక్కువ చేయకూడదు. అయితే అధికారం చేసే ఉద్యోగాలు పోయినాయి, కాళ్లరిగే ఉద్యోగం మిగిలింది. వెట్టి గ్రామ సేవకుడైనాడు, తర్వాత గ్రామ రెవెన్యూ సహాయకుడైనాడు. ఇప్పుడు కూడా చాలా చోట్ల ఆఫీసు ఊడ్చేది, సర్వేయరు గొలుసు లాగేది, వరదొచ్చినా శవమొచ్చినా ముందు నిలబడేది మన పిల్లలే. డిగ్రీ చదివిన పిల్లలు.

మరి గేరి భద్రత? కారంచేడు 1985, చుండూరు 1991 మీకు తెలిసినవే. చుండూరులో ఆ రోజు పోలీసులు ఊళ్లోనే ఉన్నారు. మన జిల్లాలో పాములపాడు మండలం వేంపెంట, 1998. మధ్యలో 1989 అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. మన భూమిని అక్రమంగా ఆక్రమించడం, మన దారి మూయడం కూడా నేరమని రాసిన చట్టం అది. 1816 నాటి వాక్యం పక్కన 1989 నాటి వాక్యం పెట్టి చదవండి. ఒకటి మన ఒంటికి గౌరవం లేదని రాసింది, ఇంకొకటి ఆ గౌరవం తీయడమే నేరమని రాసింది. మధ్యలో 173 ఏండ్లు. అయినా స్టేషన్లో కాగితం తీసుకునేదాకా ఆ వాక్యం పుస్తకంలోనే ఉంటుంది.

మొన్న సంక్రాంతి దాటినాక పడమటి మండలాలకు పోయినాను, కోసిగి వైపు. జనం సుగ్గికి పోయినారు, గుంటూరు వైపు మిరపకాయ కోతలకు. పిల్లలను కూడా ఎక్కించుకొని పోయినారు. మాదిగగేరిలో వరసగా తాళాలు. పాతకాలంలో తాళాలే లేవన్న తమ్ముడు గుర్తొచ్చినాడు. ఒక ముసలమ్మ అరుగు మీద కూర్చొని ఉంది. నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి చూపించింది, దాంట్లో పదమూడు తాళంచెవులు. "అందరియీ నా కాడనే ఉన్నాయి నాయనా" అనింది. రాత్రి లేచి ఒక్కసారి అన్ని తలుపులు తట్టి చూసి పండుకుంటుందంట. ఏమైనా ఇస్తారా అవ్వా అని అడిగితే, వచ్చేటప్పుడు తలా ఒక దోసెడు మిరపకాయలు తెస్తారని చెప్పింది.

మా భూమి మీద నాయన పేరుతో అర్జీ పెట్టినాము. నకలు రిజిస్టరు పేజీ, సర్వే నంబరు, అడంగల్ జత చేసినాము. రెండు వాయిదాలు అయినాయి. వచ్చే భాగంలో ఇనాం రిజిస్టరు, ఆర్.ఎస్.ఆర్., అడంగల్, 1-బి ఎట్లా చదవాల, ఎక్కడ అడగాల, ఏ గడిలో మన పేరు దాక్కుంటుంది అనేది రాస్తాను. మీ ఊళ్లో పాత వెట్టి, తలారి ఎవరైనా బతికుంటే ఈలోపల పోయి కలవండి. హద్దురాళ్లు ఎక్కడున్నాయో వాళ్లకే తెలుసు.

జై భీమ్.